అయ్యగారు ఆరాధన చేయించాలి, మన బదులు చేయకూడదు

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర "ఇవాళ ఆరాధన ఎలా జరిగింది?" అని ఎవరైనా అడిగితే మన క్రైస్తవుల నోట మొదట వచ్చే మాట "అయ్యగారు వాక్యం బాగా చెప్పారు" అనో, "ఇవాళ అంత బాగా చెప్పలేదు" అనో ఉంటుంది. మనం ఎలా పాడాం, పాప ఒప్పుదల దగ్గర మనసు పెట్టామా, ఎవరి కోసం ప్రార్థించాం, పక్కనున్న మనిషితో సమాధానం (శాంతి) పంచుకున్నామా, ఇవేవీ లెక్కలోకి రావు. ఆరాధన అంటే అయ్యగారు, అంటే సంఘ గురువు, చేసేది, మనం చూసి వచ్చేది అనే ఆలోచన మనలో అంత లోతుగా దిగిపోయింది. ప్రొటెస్టెంటు సంఘాలు పుట్టిందే ఆ ఆలోచన మీద తిరగబడి కదా, మళ్ళీ అక్కడికే ఎలా చేరామన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న ప్రశ్న. నేను సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో పెరిగాను, కాబట్టి నా ఉదాహరణలు ఎక్కువగా అక్కణ్ణుంచే వస్తాయి, కానీ లూథరన్, బాప్టిస్టు, మెన్నోనైట్ సంఘాల్లో ఉన్నవాళ్ళకు కూడా ఇందులో చాలా భాగం తమ సంగతిగానే కనిపిస్తుందని నా నమ్మకం.

1520లో ప్రొటెస్టెంటు సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మనీ ప్రభువులకు రాసిన పెద్ద విజ్ఞప్తిలో ఒక ఊహ ఉంది. కొంతమంది మామూలు విశ్వాసులు ఎక్కడో ఎడారిలో చిక్కుకుపోయారు, వాళ్ళలో బిషప్పు అభిషేకించిన గురువు ఒక్కడూ లేడు. అప్పుడు వాళ్ళు తమలో ఒకరిని ఎన్నుకుని, బాప్తిస్మం ఇవ్వడం, ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) జరిపించడం, వాక్యం ప్రకటించడం అతనికి అప్పజెబితే, లోకంలోని బిషప్పులూ పోపులూ అందరూ కలిసి అభిషేకించినట్టే అతను నిజమైన గురువు అవుతాడంటాడు లూథర్. పేతురు పత్రికలోని "రాజులైన యాజకసమూహము" అనే మాటను ఆయన అంత గట్టిగా పట్టుకున్నాడు. అయితే ఆయన అక్కడే ఇంకో మాట కూడా అన్నాడు, దాన్ని మనం తొందరగా దాటేస్తాం. ఈ అధికారం అందరిదీ కాబట్టే ఏ ఒక్కరూ తనంతట తాను ముందుకు వచ్చి దాన్ని చేతిలోకి తీసుకోకూడదు, అందరి సమ్మతి ఉండాలి అని. పదేళ్ళ తర్వాత, 1530లో వచ్చిన లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 14వ అంశంలో ఇదే విషయాన్ని నియమంగా పెట్టారు, సరైన పిలుపు లేకుండా ఎవరూ సంఘంలో బహిరంగంగా బోధించకూడదు, సంస్కారాలు జరిపించకూడదు అని.

ఈ రెండూ కలిపి చదివితేనే అయ్యగారి స్థానం సరిగ్గా అర్థమవుతుంది. ఆయన ముందు నిలబడి ఉన్నారంటే దేవుడు పిలిచాడు, ఆ పిలుపును సంఘం పరీక్షించి ఒప్పుకుంది, అందుకు నిలబడ్డారు. అక్కడ ఆయన చేసే పని మనందరి పని. ఇవాళ వీధి వీధికీ ఫ్లెక్సీ మీద తన ఫొటో తానే వేయించుకుని, తనను ఎవరు పంపారో, తాను ఎవరికి జవాబు చెప్పుకోవాలో చెప్పలేని సేవకులను చూసినప్పుడు నాకు లూథర్ చెప్పిన ఆ రెండో మాటే గుర్తొస్తుంది. మొదటి మాటను మాత్రమే పట్టుకుని "అందరం యాజకులమే" అంటూ బయల్దేరినవాళ్ళు చివరికి సంఘం మొత్తానికి తామొక్కరే యాజకుడు అయిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మన తెలుగు నేల మీద ఈ సంగతిని పుస్తకాల్లోంచి కంటే అవసరంలోంచి ఎక్కువగా నేర్చుకున్నారు. ఒంగోలు ప్రాంతంలో 1860ల్లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి తనకు తెలిసినంత సువార్తను పల్లె పల్లెకూ తిరిగి తనవాళ్ళకు చెప్పాడు. మిషనరీ జాన్ క్లౌ తలకొండపాడు వెళ్ళేసరికే అక్కడ బాప్తిస్మం కోసం ఎదురుచూస్తున్న జనం ఉన్నారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు నీళ్ళలో నిలబడి ఇచ్చింది క్లౌ దొర కాదు, అభిషేకం పొందిన ఆరుగురు మన బోధకులు, ఇద్దరి తర్వాత ఇద్దరు చొప్పున మారుతూ ఇచ్చారు. దొర్నకల్ కథ ఇంకోలా నడిచింది. 1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొంది దొర్నకల్ వచ్చాక ఆయన చేతికింద అభిషేకం పొందిన గురువులు తక్కువ, విశ్వాసులున్న పల్లెలు చాలా ఎక్కువ. అందుకని పల్లెల్లో ఆరాధన నడిపించింది ఎక్కువగా పల్లె ఉపాధ్యాయులూ ఉపదేశులూ. పొలం పని నుంచి వచ్చినవాళ్ళను రాత్రిపూట దీపం దగ్గర కూర్చోబెట్టి పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి నేర్పించారు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళ చేతా అజరయ్య ఎవరి తల మీద వాళ్ళ చెయ్యే పెట్టించి "నేను సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అనే పౌలు మాట పలికించేవారు. సువార్త భారం గురువు మీద మాత్రమే కాదు, ప్రతి విశ్వాసి తల మీదా ఉందని అంతకంటే బాగా చెప్పే పద్ధతి నాకు కనిపించలేదు.

ఆ పల్లెల్లో అయ్యగారు రాని ఆదివారాలే ఎక్కువ. ఇప్పటికీ చాలా పాస్టరేట్లలో అంతే, ఒక అయ్యగారికి బోలెడు ఊళ్ళు, వాటిలో ఆయన ఒక్కో ఊరికి వచ్చేది నెలకొకసారో రెండు నెలలకొకసారో, పైగా నాలుగైదేళ్ళకోసారి బదిలీ. అయ్యగారు లేని ఆ ఆదివారాల్లో ఏం జరుగుతుందో చూస్తే ఆ ఊరి ఆరాధన ఎవరిదో తెలిసిపోతుంది. కొన్ని ఊళ్ళలో అక్షరం రాని ముసలమ్మ పుస్తకం చూడకుండా కీర్తన ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు, స్కూలు పిల్ల వచ్చి వాక్యం చదువుతుంది, ఉపదేశి నాలుగు మాటలు చెబుతాడు, సంఘ పెద్ద ఒకాయన ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి ప్రార్థన చేస్తాడు. మరికొన్ని ఊళ్ళలో "ఇవాళ అయ్యగారు రావట్లేదంట" అన్న మాట తెలియగానే సగం మంది ఇళ్ళలోనే ఉండిపోతారు. ఈ రెండు రకాల ఊళ్ళకూ తేడా ఎక్కడ వచ్చిందని ఆలోచిస్తే, అంతకుముందు పనిచేసిన అయ్యగార్లలో ఎవరు జనానికి ఆరాధన నేర్పించారు, ఎవరు అంతా తామే చేసి వెళ్ళిపోయారు అన్న దగ్గరే వచ్చిందని నాకనిపిస్తుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అయ్యగారు అరుదుగా వస్తారు కాబట్టి, బల్ల, అంటే ప్రభు సంస్కారం, ఆయన చేతి మీదుగానే జరగాలి కాబట్టి, అది కూడా అరుదైపోయింది. కనీసం వారానికొకసారి సంస్కారం జరగాలని జెనీవా సంస్కర్త కాల్విన్ కోరుకున్నాడు, జెనీవా నగర సభ ఒప్పుకోక ఏడాదికి నాలుగుసార్లతో సరిపెట్టింది. అక్కడ అడ్డుపడింది నగర పాలకులు, ఇక్కడ అడ్డుపడుతున్నది అయ్యగార్ల కొరత. ఫలితం మాత్రం ఒకటే, రొట్టె విరవడం కంటే విరిచే మనిషి రావడమే పండగలా కనబడుతుంది.

ఈ విషయం మనకు అందరికంటే ఎక్కువగా పట్టాలి. తెలుగు సంఘాల్లో ఎక్కువ కుటుంబాలు మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవి. మన తాతముత్తాతలను గుళ్ళోకి రానివ్వలేదు, గ్రంథం చదివితే విననివ్వలేదు, చెరువు నీళ్ళు తాకనివ్వలేదు. అలాంటి మనుషులు దేవుని వాక్యాన్ని తమ భాషలో తామే చదువుకోవడం, పేరు పెట్టి దేవునికి మొరపెట్టుకోవడం, ఒకే రొట్టెలో ఒకే గిన్నెలో పాలు పంచుకోవడం ఎంత పెద్ద సంగతో మాటల్లో చెప్పలేను. అలా చేతికి వచ్చినదాన్ని మళ్ళీ ఒక మనిషికి అప్పజెప్పి, ఆయన అంగీ అంచు తాకితే చాలు, ఆయన చేత్తో నూనె రాస్తే చాలు, ఆయన ప్రార్థన చేస్తేనే దేవుడు వింటాడు అనుకునే స్థితికి రావడమంటే పెద్దవాళ్ళు దాటి వచ్చిన గడప బయటికి మళ్ళీ మనంతట మనమే వెళ్ళి నిలబడ్డమే. గౌరవం ఇవ్వొద్దని నేననడం లేదు. అయ్యగారిని అయ్యగారు అనే పిలుస్తాను, అమ్మగారు కనిపిస్తే లేచి నిలబడతాను. కానీ దేవునికీ నాకూ మధ్య ఉన్నవాడు క్రీస్తు ఒక్కడే అని ఆ అయ్యగారే నాకు కన్ఫర్మేషన్ క్లాసులో నేర్పించారు.

ఇక సీఎస్ఐ ఆరాధన క్రమం దగ్గరికి వస్తాను, ఎందుకంటే అయ్యగారి పాత్ర ఏమిటో అది చేసి చూపిస్తుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘం కలిసి దక్షిణ ఇండియా సంఘం అయినప్పుడు ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. ఒకరు పుస్తకం చూసి ప్రార్థన చేసేవాళ్ళు, ఒకరు పుస్తకం లేకుండా చేసేవాళ్ళు. ఎవరి మీదా ఏ క్రమాన్నీ బలవంతంగా రుద్దకూడదని ముందే ఒప్పుకున్నారు. ఆ తర్వాత 1950లో ప్రభు సంస్కారానికి ఒక కొత్త క్రమం తయారుచేశారు, దాన్ని చూసి ఇతర దేశాల సంఘాలు కూడా ఎంతో నేర్చుకున్నాయి. మనం ఇన్నేళ్ళుగా వాడుతూ కూడా ఇందులో ఏముందో గమనించం.

మొదట, ఆరాధన మొదలయ్యేటప్పుడు బైబిలును లోపలికి తీసుకొస్తారు, జనం లేచి నిలబడతారు. ఆ లేవడం వాక్యానికి, దాన్ని మోసుకొచ్చే మనిషికి కాదు. తర్వాత, అయ్యగారు బల్లకు అవతల నిలబడి జనం వైపు తిరిగి సంస్కారం జరిపిస్తారు. "క్రీస్తు ఆ రాత్రి చేసినట్టే గురువు జనం వైపు తిరిగి ఉండాలి" అనే అర్థం వచ్చేలా లూథర్ 1526లోనే రాశాడు, కానీ దానికి ఇంకా సమయం రావాలని వదిలేశాడు. రోమన్ కతోలిక సంఘంలో ఇది 1960ల మధ్యలో మొదలై వ్యాపించింది. మనకు అంతకు ముందే ఉంది. బల్ల చుట్టూ కుటుంబంలా కూర్చున్నాం, తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్ళం కాదు అని ఆ నిలబడే తీరే చెబుతుంది.

సమాధానం పంచుకునే పద్ధతి కేరళ సిరియన్ క్రైస్తవుల ఆరాధన నుంచి వచ్చింది. ఇచ్చే మనిషి తన కుడి చెయ్యి తీసుకునే మనిషి కుడి అరచేతికి ఆనించి, ఇద్దరూ ఎడమ చెయ్యి దానిమీద మూస్తారు. అది అయ్యగారి దగ్గర మొదలై చివరి చాప మీద కూర్చున్న పిల్లాడి దాకా చేతి నుంచి చేతికి వెళ్ళాలి. ఇప్పుడు చాలా చోట్ల దాన్ని ఒక నమస్కారంతో ముగించేస్తున్నారు, పట్నం చర్చిల్లో పక్కవాళ్ళ పేరు తెలియకుండానే అది అయిపోతుంది. మా ఊళ్ళో భూమి తగాదా ఉన్న ఇద్దరు అన్నదమ్ములు ఆ నిమిషంలో తప్పించుకోలేక చేతులు కలిపిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ ప్రసంగమూ వాళ్ళను అంత దగ్గరికి తీసుకురాలేదు.

కానుకలతో పాటు రొట్టెనూ ద్రాక్షారసాన్నీ కూడా జనంలోంచే ముందుకు తెస్తారు. అయ్యగారి ముందున్నది ఆయన తెచ్చుకున్నది కాదు, మనం పెట్టినది. ఆ తర్వాత వచ్చే ప్రార్థన నాకు అన్నిటికంటే ఇష్టం, స్పెయిన్ దేశపు పాత మొజరబిక్ ఆరాధన నుంచి తీసుకున్నది. "మంచి ప్రధాన యాజకుడవైన యేసూ, శిష్యుల మధ్య ఉన్నట్టే మా మధ్య ఉండు, రొట్టె విరవడంలో మాకు నిన్ను తెలియజేసుకో" అనే అర్థం దానిది. బల్ల దగ్గర నిలబడిన అయ్యగారు రొట్టె ముట్టుకునే ముందు, ఇక్కడ యాజకుడు నేను కాదు, నువ్వు అని అందరి ముందూ ఒప్పుకున్నట్టే కదా అది. ఆ ప్రార్థనను గబగబా చదివి దాటేసే అయ్యగార్లను చూస్తే ఆగి చదవండయ్యా అని అడగాలనిపిస్తుంది. ఇక కృతజ్ఞతా ప్రార్థన మధ్యలో, ప్రభువు మాటల తర్వాత, నీ మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటున్నాం, నీ పునరుత్థానాన్ని ఒప్పుకుంటున్నాం, నీ రాకడ కోసం ఎదురుచూస్తున్నాం అని చెప్పాల్సింది జనం. అది కూడా సిరియన్ సంప్రదాయం నుంచి వచ్చిందే. అంత ముఖ్యమైన చోట మాట మనకిచ్చారు.

ఇంత చక్కటి క్రమం చేతిలో ఉండి కూడా ఎక్కడ జారిపోతుందంటే, ముందుగా మైకు దగ్గర. జనం జవాబు చెప్పాల్సిన చోట కూడా అయ్యగారు మైకు నోటి దగ్గరే పెట్టుకుని తనే చెబితే, ఆ స్పీకరు హోరులో వందమంది గొంతు వినిపించదు, వినిపించనప్పుడు కొన్నాళ్ళకు వాళ్ళు చెప్పడం మానేస్తారు. చేయాల్సింది చిన్న పని, ఆ జవాబుల దగ్గర మైకు పక్కకు జరపడం. ఆమేన్ కూడా అంతే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు, నువ్వు చెప్పేది అర్థం కాకపోతే పక్కనున్నవాడు ఆమేన్ ఎలా చెబుతాడు అని అడుగుతాడు. అంటే ప్రార్థన చేసేవాడు ఆ ఆమేన్‌ను దృష్టిలో పెట్టుకునే ప్రార్థన చేయాలి. క్రీ.శ. 150 ప్రాంతంలో రోమ్‌లో ఉన్న తొలినాటి క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ ఆదివారం ఆరాధనను వర్ణిస్తూ, నడిపించే మనిషి కృతజ్ఞతలు చెల్లించాక జనమంతా ఆమేన్ అని సమ్మతి తెలుపుతారని ప్రత్యేకంగా రాశాడు. ఇప్పుడు కొన్ని చోట్ల ఆ మాట ప్రసంగం మధ్యలో "ఆమేనా? గట్టిగా చెప్పండి, ఆమేనా?" అని చప్పట్లు అడిగినట్టు అడిగే మాట అయింది. సమ్మతి అనేది అడిగి పిండుకునేది కాదు.

తర్వాత ప్రసంగం. వాక్యోపదేశం ప్రొటెస్టెంటు ఆరాధనకు గుండె లాంటిదని నేనూ నమ్ముతాను, అందులో తగ్గించి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. కానీ వాక్యం చదవడానికి మూడు నిమిషాలు, దాని మీద మాట్లాడ్డానికి గంట, మధ్యలో సంఘం కోసం చేసే ప్రార్థన రెండు వాక్యాల్లో ముగించడం ఏ లెక్క? పౌలు తిమోతికి చెప్పిన వరసలో చదవడం మొదట ఉంది, హెచ్చరించడం, బోధించడం ఆ తర్వాత. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా గ్రంథం విప్పగానే జనం లేచి నిలబడ్డారు, చేతులెత్తి ఆమేన్ ఆమేన్ అన్నారు, ఆ చదివినదానికి అర్థం చెబితే ఏడ్చారు. చదవడమే అంత పని చేసింది. ఇవాళ పాఠం చదివే మనిషిని ఆరాధన మొదలయ్యాక వెతుకుతారు, ఆ మనిషి పేజీ వెతుక్కుంటూ తడబడుతూ చదువుతాడు. అయ్యగారు శనివారం సాయంత్రం ఒక పావుగంట ఆ అమ్మాయితోనో అబ్బాయితోనో కూర్చుని చదివించి, కష్టమైన పేర్లు పలికించి, ఎక్కడ ఆపాలో చెబితే ఆదివారం మొత్తం మారిపోతుంది. నడిపించడమంటే నా దృష్టిలో ఎక్కువగా ఇలాంటి పనులే, వేదిక మీద కనిపించనివి.

నాట్లు వేసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు వంత పాడుతూ చేతులు ఆడిస్తారు. ఆమె గొంతు బాగుండాలి, చరణాలు గుర్తుండాలి, ఎవరైనా వెనకబడితే పాట వేగం తగ్గించాలి. కానీ మడి మొత్తం ఆమె ఒక్కతే నాటదు. ఇవాళ కీబోర్డూ ప్యాడ్సూ పెట్టి, నలుగురు పాటగాళ్ళను ముందు నిలబెట్టి, జనానికి అందని శ్రుతిలో రోజుకో కొత్త పాట పాడించే చోట మిగతా అందరూ ఫోన్లలో వీడియో తీస్తూ నిలబడుతున్నారు. పాత కీర్తనల్లో పురుషోత్తమ చౌదరి లాంటివాళ్ళు మన రాగాల్లో రాసినవి అక్షరం రానివాళ్ళు కూడా పల్లవి రెండుసార్లు వింటే అందుకునేవి. కొత్త పాటలు వద్దనను. ఏ పాటైనా జనం నోట్లోకి వెళ్ళాలి, వెళ్ళిందో లేదో చూసుకోవాల్సింది అయ్యగారే, ఆ బాధ్యత పాటల బృందానికి వదిలేస్తే కుదరదు.

అయ్యగారి వ్యక్తిగత జీవితం బాగోలేదు కాబట్టి ఆయన చేతి సంస్కారం తీసుకోను అనేవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. దీనికి ఆంగ్లికన్ సంఘపు 39 విశ్వాస అంశాల్లో 26వది, ఆగ్స్‌బర్గ్ ప్రకటనలో 8వది సూటిగా జవాబు చెబుతాయి: సేవకుడి అయోగ్యత వల్ల సంస్కారం చెల్లకుండా పోదు, ఎందుకంటే అది క్రీస్తు నియమించినది. తప్పు చేసినవాణ్ణి విచారించి తొలగించాలని కూడా ఆ 26వ అంశమే చెబుతుంది. రెండూ కావాలి. మనం మాత్రం మొదటిదాన్ని మరిచి బల్లకు దూరంగా ఉంటాం, రెండోదాన్ని మరిచి డివిజన్ మీటింగులో నోరు మెదపకుండా కూర్చుంటాం.

దీవెన గురించి కూడా ఇదే చెప్పాలి. చివర్లో అయ్యగారు చెయ్యెత్తి "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అన్నప్పుడు ఆ మాటల కోసమే పరుగెత్తుకొచ్చేవాళ్ళను నేను ఎరుగుదును, మా అమ్మమ్మ అలాగే వచ్చేది. సంఖ్యాకాండం 6లో ఆ మాటల తర్వాత వచ్చే వాక్యం చూడండి, యాజకులు నా నామాన్ని వాళ్ళమీద పలుకుతారు, ఆశీర్వదించేది నేను, అంటాడు దేవుడు. పలకడం వరకే మనిషి పని. అందుకే ఆ చెయ్యి ఎవరిదైనా ఫర్వాలేదు. సీఎస్ఐలో స్త్రీలకు గురుత్వం ఇవ్వడం 1970ల్లో మొదలైంది, 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి ఈ. పుష్పలలిత గారు సీఎస్ఐలోనే మొదటి మహిళా బిషప్పు అయ్యారు, అదీ మన తెలుగు గడ్డ మీద. అయినా ఇప్పటికీ "అమ్మగారు బల్ల జరిపిస్తే ఎలా" అని గొణిగేవాళ్ళున్నారు. ఆ గొణుగుడు వెనక ఉన్నది, శక్తి ఆ చేతిలో ఉందనే పాత నమ్మకమే.

ఇది చదువుతున్న అయ్యగార్లు ఎవరైనా ఉంటే ఒక్కటి అడుగుతాను. వచ్చే ఆదివారం సంఘ ప్రార్థనను మీరు చేయకండి. కూలికి వెళ్ళే అక్కనో, ఇంటర్ చదివే కుర్రాణ్ణో, పింఛను తీసుకునే తాతనో శుక్రవారమే పిలిచి, ఊళ్ళో ఎవరికి జబ్బుగా ఉంది, ఎవరికి పని దొరకట్లేదు, ఎవరింట్లో చావు జరిగింది కనుక్కుని రమ్మనండి, ఎలా ప్రార్థించాలో ఒకసారి చెప్పి, ఆదివారం ఆ పేర్లతో వాళ్ళనే చేయనివ్వండి. మీరు అప్పుడు జనంతో పాటు తల వంచుకుని ఉండి, చివర్లో అందరితో కలిసి ఆమేన్ చెప్పండి.